విక్టోరియా వాగుల్లో బంగారం గాలించడం: కొత్తవారు ఎక్కడ, ఎలా వెతకాలి?

ప్రశ్న: తూర్పుశివారు

అందరికీ నమస్కారం. మేము ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని మెల్బోర్న్ తూర్పు శివార్లలో ఉంటున్నాము. ఇటీవల పిల్లలను బల్లారట్‌లో పాతకాలపు బంగారు గనుల ఊరిని చూపించే సావరిన్ హిల్‌కు తీసుకువెళ్లినప్పుడు, అక్కడి వాగులో పళ్లెంతో ఇసుక గాలించి రెండు మూడు బంగారు రేణువులు తీశారు. అప్పటినుంచి నిజమైన వాగులో వెతుకుదామని ఇద్దరూ పట్టుబడుతున్నారు. కాసిల్‌మెయిన్, బెండిగో ప్రాంతాల్లో చిన్న వాగులు చాలా ఉన్నాయని విన్నాను గాని, అక్కడికి వెళ్లి ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ తవ్వాలో బొత్తిగా తెలియదు.

నా సందేహాలు ఇవి. దీనికి ప్రభుత్వ అనుమతి అవసరమా, అవసరమైతే అది ఏయే చోట్ల చెల్లుతుంది? ఒకే వాగులో ఒకచోట రేణువులు దొరికి, పది అడుగుల అవతల ఏమీ దొరకకపోవడానికి కారణమేమిటి? మెటల్ డిటెక్టర్ కొనకుండా వెళ్లడం వృథా అని ఒక మిత్రుడు అంటున్నాడు, అది నిజమేనా? దీనిమీద డబ్బు సంపాదించాలన్న ఆశ మాకు లేదు. పిల్లలు నిజంగా ఏదో ఒకటి కనుక్కున్నామని అనుకుంటే చాలు.

జవాబు: పలుగురాయి

తూర్పుశివారు గారూ, మీ రెండవ ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది అర్థమైతే మిగతావి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. సావరిన్ హిల్ వాగులో సందర్శకుల కోసం నిర్వాహకులే బంగారు రేణువులు కలుపుతారు కాబట్టి అక్కడ ఎక్కడ గాలించినా ఫలితం ఉంటుంది. నిజమైన వాగులో ఆ పని వరదనీరు చేస్తుంది, దానికి కొన్ని నియమాలు ఉన్నాయి.

బంగారం నీటికంటే 19 రెట్లకు పైగా బరువైనది. ఇసుకలో ఎక్కువగా ఉండే పలుగురాయి రెండున్నర రెట్లకంటే కాస్త ఎక్కువ బరువు, పళ్లెం అడుగున చివరిదాకా మిగిలే నల్ల ఇసుక సుమారు ఐదు రెట్లు. కాబట్టి వాగు మామూలుగా పారుతున్నప్పుడు బంగారం ఉన్నచోటినుంచి కదలదు. పెద్ద వరద వచ్చి గులకరాళ్లతో సహా అడుగంతా కదిలినప్పుడే అదీ కదులుతుంది, ఆ ఉధృతి ఏ కొంచెం సడలినా అన్నిటికంటే ముందు దిగబడేది కూడా అదే. వాలు తగ్గేచోట, పెద్ద బండ వెనుక నీరు మందగించేచోట, వంపు తిరిగే వాగుకు లోపలివైపున, గడ్డివేళ్లు కంకరను పట్టి ఉంచిన గట్టున వెతకమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. దిగబడ్డ తరువాత కూడా అది ఊరుకోదు. కంకర కదిలినప్పుడల్లా సందుల్లోంచి ఇంకా కిందికి జారుతూ, చట్టుబండనో (అడుగున ఉండే గట్టి రాతిపొర), గట్టి బంకమట్టి పొరనో తగిలేదాకా వెళుతుంది. అందువల్ల పైపైన ఉన్న ఇసుకను ఎంత గాలించినా ప్రయోజనం తక్కువ.

మీరు చెప్పిన కాసిల్‌మెయిన్, బెండిగో ప్రాంతాలకు ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. అక్కడి నేల కింద ఉన్నవి సముద్రం అడుగున పేరుకుని, తరువాత మడతలు పడి, చాలాచోట్ల దాదాపు నిటారుగా నిలబడిపోయిన పలకరాయి, ఇసుకరాయి పొరలు. ఆ మడతల మధ్య ఏర్పడిన పలుగురాతి సిరల్లోని బంగారమే కోట్ల సంవత్సరాల కోతలో విడివడి వాగుల్లోకి చేరింది. వాగు ఈ నిటారు పొరలకు అడ్డంగా పారేచోట ఒక్కొక్క పలకరాయి అంచు ఒక చిన్న అడ్డుకట్టలా పనిచేసి, రెండు అంచుల మధ్య ఉన్న సందులో బరువైన రేణువులను ఆపేస్తుంది. పొరల వెంబడే పారేచోట ఇంత మేలు ఉండదు. పది అడుగుల తేడాలో ఫలితం మారిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

అయితే వంపుల గురించి నేను పైన చెప్పిన మాటను మరీ గట్టిగా పట్టుకోకండి. అది మనిషి చేయి పడని నదులకు వర్తిస్తుంది. ఈ ప్రాంతపు వాగుల్లో 1851 నుంచి వేలాదిమంది తవ్వారు, వారి తరువాత మరికొందరు అదే కంకరను మళ్లీ కడిగారు. ఒడ్డున కుప్పలుగా కనిపించేది చాలావరకు అలా ఎత్తిపోసినదే. అందువల్ల నేనైతే వంపులోని కంకరను వదిలి, పాతకాలపువారి పారకు అందని సన్నటి చట్టు సందులనే చూస్తాను. కొన వంచిన పాత స్క్రూడ్రైవర్, చిన్న బ్రష్, ఒక చెంచా ఉంటే సందులోని మట్టిని అడుగుదాకా ఊడ్చి తీయవచ్చు. ఆ మట్టి గుప్పెడే అయినా, పైనున్న బకెట్టెడు ఇసుకకంటే మేలు.

ఇక గాలించే పద్ధతి. మన ఇళ్లలో బియ్యంలోని రాళ్లు తీయడానికి ఎలా గాలిస్తారో ఇదీ అచ్చం అలాగే ఉంటుంది, తేలికైనది నీటితో బయటికి వెళ్లిపోయి, బరువైనది అడుగున మిగులుతుంది. కంకరను ముందుగా జల్లెడ పట్టి పెద్దరాళ్లు తీసేయండి, బంకమట్టి ఉండలను వేళ్లతో పూర్తిగా చిదపండి, ఎందుకంటే ఉండలోనే రేణువు అంటుకుని బయటికి పోతుంది. తరువాత పళ్లెం నీటిలో ముంచి, అడ్డంగా గట్టిగా కుదపాలి. బంగారం అడుగుకు దిగేది ఈ కుదుపుతోనే, దీనికి ఎంత సమయం ఇచ్చినా తప్పులేదు. ఆ తరువాతే పళ్లాన్ని, లోపలి అంచున బరువైనది ఆగడానికి మెట్లలాంటి గాళ్లు ఉన్న వైపు కాస్త వంచి పైపొరను నీటితో కొద్దికొద్దిగా జారవిడవాలి. మళ్లీ కుదపాలి, మళ్లీ జారవిడవాలి. కొత్తవారు కుదపడం తగ్గించి కడగడం ఎక్కువ చేస్తారు. చివర నల్ల ఇసుక మిగిలాక తొందర అసలే పనికిరాదు. సన్నటి రేణువులు నీటి ఉపరితలానికి పట్టుకుని తేలిపోతున్నట్లు కనిపిస్తే, అంట్లు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క వేస్తే మునుగుతాయి. పళ్లానికి గాని చేతులకు గాని నూనె జిడ్డు ఉండకూడదు.

కాకిబంగారం గురించి పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. అభ్రకం రేకులు ఎండలో ఒక కోణంలో మాత్రమే తళుక్కుమని, పళ్లెం కదిపితే నీటితో పాటు సుడి తిరుగుతాయి. పైరైట్ అనే పసుపు రంగు ఇనుప ఖనిజం సూదితో నొక్కితే పొడి అవుతుంది. బంగారం నీడలో కూడా అదే పసుపు రంగులో ఉండి, నొక్కితే పగలకుండా అణుగుతుంది.

జవాబు: బల్లారట్ బాటసారి

అనుమతి విషయం నేను చెబుతాను. విక్టోరియాలో దీనికి మైనర్స్ రైట్ అనే పత్రం తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో సుమారు 30 డాలర్లకు వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. దీనితో అనుమతి ఉన్న ప్రభుత్వ భూముల్లో వెతికి, దొరికినది మీరే ఉంచుకోవచ్చు. ప్రైవేటు భూమిలో అయితే యజమాని ఒప్పుకోవాలి. తవ్వడానికి చేతి పనిముట్లు మాత్రమే వాడాలి, యంత్రాలు, పేలుడు పదార్థాలు నిషిద్ధం. చెట్లుచేమలకు హాని చేయకూడదు, తవ్విన గోతిని తిరిగి పూడ్చాలి. ఆదివాసుల వారసత్వ స్థలాలను, రాతి పనిముట్లను, బెరడు తీసిన పాత చెట్లను ముట్టుకోకూడదు. మీరు వెళ్లబోయే ప్రాంతం జాజా వూరుంగ్ అనే ఆదివాసీ ప్రజల భూమి.

పత్రం చేతిలో ఉన్నంతమాత్రాన ప్రతి వాగులోనూ దిగవచ్చని అనుకోకండి. జాతీయ ఉద్యానవనాల్లో అత్యధిక భాగం మూసి ఉంటుంది, కొన్ని పార్కుల్లో గుర్తించిన భాగాల్లోనే అనుమతి ఉంటుంది, కొన్ని నదులను, వాగులను చట్టం పేరు పెట్టి మినహాయించింది. ప్రభుత్వం నడిపే జియోవిక్ పటంలో మీరు వెళ్లే వాగు ఏ భూమిలో ఉందో చూసుకుని, పార్కులను నిర్వహించే పార్క్స్ విక్టోరియావారి పేజీ కూడా సరిచూసుకున్నాకే ఇంట్లోంచి బయలుదేరండి.

ఈ పత్రానికి ఒక చరిత్ర ఉంది, పిల్లలకు చెప్పదగినది. 1851లో ఇక్కడ బంగారం బయటపడిన కొద్దికాలానికే ప్రభుత్వం నెలకు 30 షిల్లింగుల లైసెన్సు రుసుము పెట్టింది. బంగారం దొరికినా దొరకకపోయినా అది కట్టాలి, పోలీసులు గుంతల దగ్గరికి వచ్చి లైసెన్సు చూపించమని వేధించేవారు. ఆ కోపమే 1854 డిసెంబర్ 3న బల్లారట్‌లోని యురేకా తిరుగుబాటుగా, రక్తపాతంగా ముగిసింది. మరుసటి ఏడాది ఆ లైసెన్సును తొలగించి, ఏడాదికి ఒక పౌండు చొప్పున మైనర్స్ రైట్ ప్రవేశపెట్టారు, దానితోపాటు ఓటుహక్కు కూడా ఇచ్చారు. మీరు కొనబోయేది ఆ పేరుతో ఇప్పటికీ కొనసాగుతున్న హక్కే.

డిటెక్టర్ విషయంలో మీ మిత్రుడితో నేను సగమే ఏకీభవిస్తాను. పెద్ద ముద్దలు దొరికేది డిటెక్టర్‌కే. 1980లో కింగోవర్ దగ్గర దొరికిన 27 కిలోల హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అనే ముద్ద అలా బయటపడినదే. కాని బంగారానికి పనికివచ్చే మంచి డిటెక్టర్ ధర వేల డాలర్లలో ఉంటుంది, పైగా రోజంతా తుపాకీ గుళ్లు, మేకులు, డబ్బా మూతలు తవ్వి తీసే ఓపిక ఎనిమిది, పదేళ్ల పిల్లలకు ఉండదు. వాగులోని రేణువులు డిటెక్టర్‌కు అందనంత చిన్నవి. మీకు కావలసింది పళ్లెమే.

తూర్పుశివారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా సమాధానం వస్తుందని అనుకోలేదు. మరో రెండు సందేహాలు. పాత గనుల ప్రాంతం కాబట్టి పిల్లలకు ప్రమాదం ఏమైనా ఉందా? ఏ నెలల్లో వెళ్లడం మంచిది? మా ఆవిడ మాత్రం, ఒక గ్రాము రావాలంటే ఎన్ని రేణువులు కావాలో ముందు కనుక్కోమంటోంది.

జవాబు: పలుగురాయి

ఆవిడ అడిగినదానికి లెక్క చెప్పగలను. అర మిల్లీమీటరు వెడల్పు, మిల్లీమీటరులో పదోవంతు మందం ఉన్న పలుచని రేకును తీసుకుంటే దాని బరువు సుమారు 0.38 మిల్లీగ్రాములు. అంటే గ్రాముకు 2,600 పైచిలుకు రేకులు కావాలి. కంటికి స్పష్టంగా కనిపించే రేణువు సంగతే ఇది, ఇంకా సన్నవాటి లెక్క వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి బంగారం స్వచ్ఛత సాధారణంగా 90 శాతానికి పైనే ఉంటుంది కాని, పెట్రోలు ఖర్చు తిరిగి వస్తుందని అనుకోకండి. చిన్న గాజుసీసాలో నీళ్లు పోసి రేణువులు వేసి ఇస్తే పిల్లలకు అదే పెద్ద ఆస్తి.

ప్రమాదాల్లో మొదటిది పాత నిలువు గోతులు. పొదల కింద, ఆకుల కింద కప్పుకుపోయిన గని బావులు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. వాగు గట్టు వదిలి అడవిలోకి పిల్లలను ఒంటరిగా వెళ్లనివ్వకండి, గుంత అంచు దగ్గరికి పోయి తొంగిచూడనివ్వకండి. రెండవది మట్టి. బంగారంతో పాటు ఇక్కడి రాళ్లలో ఆర్సెనిక్ ఉన్న ఖనిజం ఉంటుంది, పాత గనుల వ్యర్థపు కుప్పల్లో అది ఎక్కువ. బూడిదరంగు మెత్తటి వ్యర్థపు కుప్పల మీద పిల్లలు ఆడకూడదు, తినే ముందు ఇంటినుంచి తెచ్చిన నీటితో చేతులు కడుక్కోవాలి, వాగునీరు తాగకూడదు. అప్పట్లో బంగారాన్ని వేరుచేయడానికి పాదరసం కూడా వాడారు. వెండిరంగు పూత పట్టిన రేణువు దొరికితే దాన్ని స్టవ్ మీద వేడిచేసే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి, ఆ ఆవిరి విషం.

జవాబు: ఎర్రనేల

నేను కర్నూలు జిల్లావాడిని. ఈ చర్చ చదువుతుంటే మా ఊళ్ల సంగతి చెప్పాలనిపించింది. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పరిసరాల చేలల్లో వజ్రాల కోసం జనం బారులు తీరుతారు, వేరే జిల్లాల నుంచి కూడా వచ్చి చెట్ల కింద మకాం పెడతారు. వాన పైమట్టిని కడిగి బరువైన రాళ్లను బయటపెట్టడం వల్లే ఆ వేట సాగుతుంది, పళ్లెంతో చేసే పనిని అక్కడ వాన చేస్తుందన్నమాట. జొన్నగిరిలో బంగారు నిక్షేపాలు కూడా ఉన్నాయి. మరి విక్టోరియాలోలాగా మన దేశంలో సరదాగా బంగారం వెతుక్కోవడానికి ఏదైనా పత్రం తీసుకునే వీలుందా?

జవాబు: బల్లారట్ బాటసారి

ఎర్రనేల గారూ, అటువంటిది లేదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం ఖనిజ అన్వేషణకు గాని తవ్వకానికి గాని లైసెన్సు, లీజు ఉండాలి. అవి కంపెనీల స్థాయి వ్యవహారాలు, ఒక కుటుంబం ఆదివారంనాడు పళ్లెం పట్టుకుని వెళ్లడానికి ఉద్దేశించినవి కావు. జార్ఖండ్‌లోని సువర్ణరేఖ ఒడ్డున, కేరళలో నిలంబూరు దగ్గర చాలియార్‌లో ఇసుక గాలించేవారు ఉన్నారు గాని, అది వారికి కాలక్షేపం కాదు, కూలి గిట్టుబాటు కూడా కష్టమైన జీవనోపాధి. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. మీ ప్రాంతంలో చేలకు వెళ్లేవారు పంట పెట్టే వేళ రైతు మాట వినడం మాత్రం ఏ చట్టంతోనూ పని లేకుండానే చేయదగినది.

తూర్పుశివారు గారూ, కాలం సంగతి మిగిలిపోయింది. చిన్న వాగులు ఇక్కడి వేసవిలో (డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా) చాలావరకు ఎండిపోతాయి, పాములు తిరుగుతాయి, పూర్తి అగ్ని నిషేధం (ఆరుబయట నిప్పు రాజేయకూడదన్న ఆజ్ఞ) ప్రకటించిన రోజుల్లో అడవిలోకి వెళ్లడమే తెలివితక్కువ పని. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీళ్లుంటాయి, ఎండ తీవ్రత ఉండదు. అయితే వరదనీరు తగ్గి చట్టు బయటపడే నవంబరు మొదట్లో పలుగురాయి గారు చెప్పిన సందులు బాగా కనిపిస్తాయి. అప్పుడు గుంటల్లో మిగిలిన నీళ్లు బకెట్‌తో తెచ్చి, గట్టుమీద ఒక ప్లాస్టిక్ తొట్టిలో పోసి అందులోనే గాలించండి. బురద వాగులోకి పోదు, పిల్లలు తొందరపడి కడిగేసిన రేణువులూ తొట్టి అడుగునే ఉంటాయి, ఆ అడుగు మట్టిని సాయంత్రం మీరు మరోసారి గాలించుకోవచ్చు.