సిజేరియన్ అయి 12 రోజులు, పాలు సరిగా పడట్లేదు, పాదాల మర్దన గురించి అడగాలి
మాది హనుమకొండ. రెండు గంటలకోసారి పాలిస్తున్నా పాప ఐదు నిమిషాలు తాగి వదిలేసి ఏడుస్తోంది. పుట్టినప్పుడు 2.9 కిలోలు, నిన్న తూకం 2.75. డాక్టర్ చెప్పాక రాత్రి ఒకసారి డబ్బా పాలు పడుతున్నాం. వెల్లుల్లి కారం, మెంతికూర రోజూ తింటున్నా. పాదాలు ఎంత వాచాయంటే చెప్పు పట్టీ అచ్చు అరగంటయినా పోవట్లేదు, పిక్కల్లో రక్తం గడ్డ లేదని మాత్రం చూసి చెప్పారు. వారం నుంచి రాత్రి తొమ్మిదింటికి అమ్మ నువ్వుల నూనెతో ఒక్కో అరికాలు పది నిమిషాలు నొక్కుతోంది, హాయిగా నిద్రపడుతోంది గానీ పాలల్లో తేడా లేదు, అదే టెన్షన్. రిఫ్లెక్సాలజీలో (పాదంలో ఒక్కో చోటు ఒంట్లో ఒక్కో భాగానికి చెందుతుందని నమ్మి అక్కడ నొక్కే పద్ధతి) రొమ్ముకు చెందిన చోటు పాదం పైన, వేళ్ల వెనక ఉంటుందంటారు. సిజేరియన్ తర్వాత అక్కడ నొక్కించుకున్నవాళ్లు చెప్పండి, పాలిచ్చే ముందు ఎంతసేపు నొక్కితే మీకు తేడా కనిపించింది?