హోల్డెమ్ పోకర్: ముందు చార్టా, పాట్ లెక్కా?

ప్రశ్న: రమ్మీ బాగా వచ్చినవాళ్లు టెక్సస్ హోల్డెమ్ నేర్చుకోవాలంటే దేనితో మొదలుపెట్టాలి? ఏ ముక్కలు ఆడాలో చెప్పే చార్టుతోనా, పాట్ (బల్ల మధ్యలో పోగైన పందెం) లెక్కతోనా?

ఇస్పేటు_రాణి: చార్టే. చేతికి రాగల రెండు ముక్కల జతలు 1,326. తొమ్మిదిమంది బల్ల దగ్గర బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే కట్టే పెద్ద పందెం) పక్కన, అందరికంటే ముందు ఆడే సీటు నుంచి ఆడదగ్గవి: 7-7 మొదలు ఆసుల దాకా జోడీలు, ఆసు-రాజు, ఆసు-రాణి, సూటెడ్ (రెండూ ఒకే గుర్తువి) ఆసు-జాకీ, సూటెడ్ రాజు-రాణి. మొత్తం 88. మిగతావన్నీ ఫోల్డ్, అంటే పడేయడమే. రమ్మీలో ఫస్ట్ డ్రాప్‌కి 20 పాయింట్లు పోతాయి కాబట్టి ముక్కలు పడేయడానికి మనసొప్పదు. ఇక్కడ బ్లైండ్ కట్టని సీట్లో ఫోల్డ్‌కి ఖర్చే లేదు.

లెక్కల_మాస్టారు: చార్టు ఫ్లాప్ (బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు) దాకానేనండీ, ఆ తర్వాత? పాట్‌లో 100 ఉంది, ఎదుటివాళ్లు 50 వేశారు. మీరు 50 పెడితే మొత్తం 200, అంటే 25 శాతం గెలిస్తే చాలు. చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీద రెండు. ఐదూ ఒకే గుర్తువైతే ఫ్లష్. మిగిలిన ఆఠీన్లు 9. నాలుగుతో గుణిస్తే ఫ్లష్ పడే అవకాశం సుమారు 36 శాతం, కచ్చితంగా అయితే 35 శాతం. కాల్ చేయొచ్చు, అంటే ఆ 50 పెట్టొచ్చు.

ఇస్పేటు_రాణి: మాస్టారూ, కొత్తవాళ్లు చిప్పులు పోగొట్టుకునేది సరిగ్గా ఈ కాల్ దగ్గరే. నాలుగుతో గుణించేది ఆల్-ఇన్ అయి (చిప్పులన్నీ పెట్టేసి), మళ్లీ ఏమీ పెట్టకుండా టర్న్ (నాలుగో ముక్క), రివర్ (ఐదో ముక్క) రెండూ చూసేటప్పుడు. మామూలుగా టర్న్ మీద ఇంకో బెట్ వస్తుంది. ఒక్క ముక్కకైతే 47లో 9, అంటే 19 శాతమే. ఫ్లష్ పడ్డాక వాళ్ల దగ్గర ఇంకో 61 చిప్పులైనా రాబట్టగలిగితేనే ఆ 50 గిట్టుబాటు. బల్ల మీద మూడో ఆఠీను చూశాక అంత తేలిగ్గా ఇస్తారా?

లెక్కల_మాస్టారు: అందుకే లెక్క పూర్తిగా నేర్పమంటున్నాను. మీ 88 జతలు ఒక్క సీటుకే పనికొస్తాయి. అందరూ ఫోల్డ్ చేసి బటన్ (పంచేవాళ్ల సీటు) దాకా వస్తే వెనక ఉన్నది ఇద్దరే. అక్కడ ఆసు-9తో రెయిజ్ చేయాలి, అంటే పందెం పెంచాలి. చార్టులో ఒక్క వరుస బట్టీ పట్టినవాళ్లు దాన్నీ పడేస్తారు.

కళావర్: చార్టు వెనక కారణం కూడా చెప్పాలి. ఆసు-7 చూడ్డానికి పెద్ద ముక్కలే. కానీ ముందు సీట్లో రెయిజ్ చేసినవాళ్ల దగ్గర ఆసు-రాజు ఉంటే మీ వాటా దాదాపు నాలుగో వంతే. ఫ్లాప్‌లో ఆసు పడితే ఇద్దరికీ జోడీయే, పక్క ముక్క దగ్గర మీరు ఓడతారు. పాట్ లెక్క వేసేవాళ్లు ఆ ఆసుల్ని కూడా ఔట్లుగా (గెలిపించే ముక్కలుగా) లెక్కేసుకుంటారు.

ఇంకోమాట: డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధించారు, 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. ఇంట్లో ఉత్త చిప్పులతోనే నేర్చుకోండి. తలా 2,000, బ్లైండ్లు 10-20. కాల్ చేసే ప్రతిసారీ ఔట్లెన్నో, ఎంత శాతం కావాలో కాగితం మీద రాసి, చెయ్యి ముగిశాక ముక్కలు తిప్పి సరిచూసుకోండి.

ఇస్పేటు_రాణి: ఆ కాగితం మీద మొదటి గడి సీటు. అది రాశాకే ఔట్లు.