డీటీహెచ్ డిష్‌తో రాత్రి ఓజోన్: 11.072 గిగాహెర్ట్జ్ గీత ఎవరికైనా తేలిందా?

పర్లాకిమిడి_డిష్: 95 కిలోమీటర్ల ఎత్తులో రాత్రి ఉండే ఓజోన్ ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర స్పెక్ట్రంలో సన్నని గీతలా కనపడాలి, దాన్ని పట్టాలని చూస్తున్నాను. 60 సెంటీమీటర్ల డిష్, పీఎల్ఎల్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే, క్రిస్టల్‌తో నడిచే రిసీవర్), ఆర్‌టీఎల్ డాంగిల్ (కంప్యూటర్‌కి పెట్టే చిన్న రేడియో). 11072.4545 మెగాహెర్ట్జ్‌లోంచి ఎల్‌ఎన్‌బీ తీసేసే 9750 పోతే 1322.4545, డాంగిల్ అక్కడ పెట్టాను. మూడు రాత్రుల సగటు తీసినా గీత లేదు, బేస్‌లైన్ (గీత కింది నేపథ్యం) అలలే. పెద్ద డిష్ వెయ్యాలా? కోణం ఎంత? వానాకాలంలో ఎవరైనా నడుపుతున్నారా?

సిరొంచ_కాక: పెద్ద డిష్‌తో ఒరిగేదేం లేదు. ఓజోన్ ఆకాశమంత నిండి ఉన్నది, బీమ్ సన్నగ చేసినా అదే టెంపరేచర్ (కెల్విన్లల్ల చెప్పే సిగ్నల్ బలం) వస్తది. ఉత్తరం దిక్కు తిప్పు. దక్షిణం పెడితే టీవీ ఉపగ్రహాలన్నీ మీద పడ్తయ్. కోణం నేల నుంచి 8 డిగ్రీలు. ఒకటి బై సైన్ 8 అంటే 7.2, నెత్తి మీదికి చూసినదానికి ఏడు రెట్ల ఓజోన్ దారి. ఇరవై ఏండ్ల సంది మైక్రోవేవే నా పని, రాసిపెట్టుకో.

రాయగడ_రేడియో: ఏడు రెట్లా? భూమి బల్లపరుపా ఏటి కాకా? 95 కిలోమీటర్ల ఎత్తు పొరకి గుండ్రం కలిపి లెక్కెయ్యండి, 4.6 వస్తాది. మా రాయగడలో 8 డిగ్రీలు ఉత్తరానికి పెడితే బీమ్ ఆ పొరని తగిలేది 500 కిలోమీటర్ల అవతల, అంబికాపూర్ దాటాక.

సిరొంచ_కాక: పుస్తకంల ఒకటి బై సైన్ అనే ఉంటది. చదువుకొని మాట్లాడు.

రాయగడ_రేడియో: అది కింది గాలికి. పై పొరకి కాదు. 8 నుంచి 4కి దించి చూడండి: ఓజోన్ 4.6 నుంచి 5.4కే పెరుగుతాది, కింది తేమగాలి దారేమో రెట్టింపు. పైగా నేల వేడి సైడ్‌లోబ్‌లోంచి (డిష్ పక్కచూపులోంచి) దూరుతాది. అందుకే 8 దగ్గర ఆగాల, మీరన్న ఏడు రెట్ల కోసం కాదు.

దెగ్లూర్_ఎస్‌డీఆర్: మీ రెట్ల పంచాయితీ అయినంక ఇది చూడుండ్రి. తీగల ఎల్‌ఎన్‌బీకి పోయే 22 కిలోహెర్ట్జ్ టోన్ బంద్ ఉండాలె, లేకుంటే ఎల్‌ఎన్‌బీ 9750 నుంచి 10600కి దుంకుతది. ఓజోన్‌కు పోలరైజేషన్ (13, 18 వోల్టులతోటి మార్చే నిలువు-అడ్డం తేడా) లేదు, 13 వోల్టులే ఇయ్యి, 18 ఇస్తే ఉత్తగ వేడెక్కుతది. డీసీ బ్లాక్ (ఆ వోల్టులు డాంగిల్‌లకు పోకుండ ఆపేది) మర్చిపోతే డాంగిల్ ఖతం.

బరంపురం_చూపు: ఇదంతా ఎందుకు, ఓజోన్ కొలిచే డాబ్సన్ యంత్రం చాలదా?

దెగ్లూర్_ఎస్‌డీఆర్: అది నేల నుంచి పైదాకా మొత్తం కలిపి ఒక్క అంకె ఇస్తది. అదే యంత్రంతోటి ఉమ్‌కేర్ అనే పద్ధతిల పొరలు విడదీసినా 50 కిలోమీటర్ల దాకనే. ఇక్కడ మాట 95 గురించి.

అసలు రోగం డ్రిఫ్ట్ (ఫ్రీక్వెన్సీ పక్కకు జరుగుడు). ఆ ఎత్తుల గీత వెడల్పు 16 కిలోహెర్ట్జే. ఎల్‌ఎన్‌బీల 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ 390 రెట్లయి 9750 అయితది. ఒక్క పీపీఎం (పది లక్షల్ల ఒక వంతు) జరిగితే 9.75 కిలోహెర్ట్జ్ పక్కకు. సాయంత్రం నుంచి తెల్లారేదాక చలికి నాలుగైదు పీపీఎం జరిగిందంటే నీ సగటుల గీత అంబలే. ఎల్‌ఎన్‌బీకి థర్మాకోల్ తొడుగెయ్యి, ఫీడ్ మూతి (సిగ్నల్ లోపలికి పోయే చోటు) మాత్రం వదులు.

సిరొంచ_కాక: డ్రిఫ్ట్ ఒక్కటే కాదు. సిస్టమ్ టెంపరేచర్ (మొత్తం నాయిస్) 100 కెల్విన్, చానల్ 10 కిలోహెర్ట్జ్, 8 గంటలు: నాయిస్ 6 మిల్లీకెల్విన్. గీత గూడ మిల్లీకెల్విన్లల్లనే. మూడు రాత్రులకు తొందరపడితే ఎట్ల? అలలకైతే రాత్రి స్పెక్ట్రంలకెల్లి పగటిది తీసెయ్యి. ఎండకు పై ఓజోన్ విరుగుతది, డాంగిల్ అలలు రెండిట్లా ఉంటయ్.

రాయగడ_రేడియో: ఇది మాత్రం కరెక్టే కాకా. పర్లాకిమిడి బాబూ, 8 డిగ్రీలు దేనికి కొలిచావు?

పర్లాకిమిడి_డిష్: ఫోన్ లెవెల్ డిష్ ముఖానికి ఆన్చి, వెనక్కి 8 వాలేలా పెట్టినాను.

రాయగడ_రేడియో: చచ్చాం. అది ఆఫ్‌సెట్ డిష్, బీమ్ ముఖానికి నేరుగా రాదు. ముఖం నిటారుగా ఉంటేనే బీమ్ 24 దగ్గర ఉంటాది. నీది 32 డిగ్రీలు చూస్తోంది, 1.8 రెట్లే. ముఖం నేలకేసి 16 డిగ్రీలు వంగాల.

పర్లాకిమిడి_డిష్: క్లాంపు అంత కిందికి రావట్లేదు, బోల్టు గాడి అయిపోయింది.

దెగ్లూర్_ఎస్‌డీఆర్: గాడి కొయ్యకు. పైపునే ఉత్తరానికి వంచి నాటు.