ఉద్యోగం చేసుకుంటూ 113 కిలోమీటర్ల ట్రయాథ్లాన్‌కు సిద్ధం కావడం ఎలా?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగి, భవానీపురం, విజయవాడ

అందరికీ నమస్కారం. నా వయసు 39 ఏళ్లు. విజయవాడలో ఒక బ్యాంకు శాఖలో రుణాల విభాగం చూస్తున్నాను. ఉదయం తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరితే తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిది అవుతుంది. ఇది ఫిబ్రవరి కాబట్టి మార్చి 31 దాటేవరకు పది కూడా కావచ్చు. నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. మాకు ఇద్దరు పిల్లలు, పెద్దది ఆరో తరగతి, చిన్నవాడు రెండో తరగతి.

నాలుగేళ్లుగా క్రమం తప్పకుండా పరుగెత్తుతున్నాను. హాఫ్ మారథాన్‌ను రెండు గంటల పది నిమిషాల్లో పూర్తి చేయగలను. ఆదివారాలు తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం, ఉండవల్లి మీదుగా కరకట్ట వెంట 40 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరుకుంటాను. గోవాలో అక్టోబర్, నవంబర్ నెలల్లో జరిగే హాఫ్ ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్‌లో ఈసారి పాల్గొనాలని మనసు గట్టిగా లాగుతోంది. అందులో 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈదాలి, 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి.

నా భయమంతా ఈత గురించే. దివిసీమలో అమ్మమ్మగారి ఊరి కాలువలో వీపుకు సొరకాయ బుర్ర కట్టించుకుని నేర్చుకున్న ఈత నాది. తల పైకెత్తి, చేతులతో నీళ్లు తోసుకుంటూ అవతలి గట్టు చేరడమే అప్పట్లో లక్ష్యం. పోయిన నెల ఈత కొలనుకు వెళ్లి ప్రయత్నిస్తే, 25 మీటర్ల దూరం రెండుసార్లు దాటేసరికి గోడ పట్టుకుని ఆయాసపడుతూ నిలబడిపోయాను. పరుగులో రెండు గంటలు నిలిచే ఊపిరి నీళ్లలో రెండు నిమిషాలకే ఎందుకు చాలడం లేదో నాకు అర్థం కాలేదు.

ఎనిమిది నెలల్లో ఇది సాధ్యమేనా, రోజుకు ఎంత సమయం కేటాయిస్తే సరిపోతుంది, ఇంటి బాధ్యతలకు లోటు రాకుండా ఆ సమయాన్ని ఎక్కడినుంచి తేవాలి అన్నవి నా సందేహాలు. ఉద్యోగం చేస్తూ ఈ దారిలో నడిచినవారు తమ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.


జవాబు: ప్రభుత్వ ఇంజనీరు, గుంటూరు

మీ ప్రశ్న చదువుతుంటే కొన్నేళ్ల కిందటి నేనే గుర్తుకొచ్చాను. 44వ ఏట గోవాలో ఈ పోటీని 7 గంటల 52 నిమిషాల్లో పూర్తి చేశాను. అంతకుముందు ఏడాది ప్రయత్నించి, సిద్ధమయ్యే దశలోనే ఆరోగ్యం చెడి మానుకున్నాను. ఆ రెండు ఏళ్ల మధ్య తేడా ఏమిటో చెబితే మీకు ఉపయోగపడుతుందనుకుంటున్నాను.

మొదట ఈత సంగతి చూద్దాం. మీ ఊపిరితిత్తులలో లోపమేమీ లేదు. తల పైకెత్తి ఈదితే కాళ్లు కిందికి దిగిపోతాయి, అప్పుడు శరీరమంతా నీటికి అడ్డంగా నిలిచి, చేతులు వేసిన బలంలో అధికభాగం ఆ అడ్డును లాగడానికే ఖర్చవుతుంది. దానికి తోడు, కొత్తవారు ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పిన అర క్షణంలో వదలడం, పీల్చడం రెండూ చేయబోతారు. లోపల పేరుకున్న బొగ్గుపులుసు వాయువే ఆయాసం పుట్టిస్తుంది. కాబట్టి మొదటి రెండు వారాలు దూరం లెక్కపెట్టకండి. నడుములోతు నీళ్లలో నిలబడి, ముఖం ముంచి, ముక్కుతో నోటితో సన్నగా, ఆగకుండా బుడగలు వదలండి, తల పక్కకు తిప్పి పీల్చుకోండి, మళ్లీ ముంచండి. చూసేవారికి ఇది చిన్నపిల్లల ఆటలా కనిపించవచ్చు గానీ, నాకు 1.9 కిలోమీటర్ల ఈత వచ్చింది దీని వల్లనే. ఆ తరువాత ఒక కోచ్ కళ్ల ముందు 25 మీటర్లు ఈది 20 సెకన్లు ఆగడం, క్రమంగా 50, 100 మీటర్లకు పెంచడం. ఈతకు వారంలో ఒకరోజు రెండు గంటలు ఇవ్వడం కంటే మూడు రోజులు నలభై నిమిషాల చొప్పున ఇవ్వడం ఎంతో మేలు, ఎందుకంటే అది కండబలం కంటే అలవాటుకు సంబంధించిన విద్య. వేసవి సెలవులు మొదలైతే కొలనులన్నీ పిల్లల శిక్షణ శిబిరాలతో నిండిపోతాయి, కనుక ఇప్పుడే తెల్లవారుజాము బ్యాచ్‌లో చేరిపోండి.

ఈతకు ఇచ్చే గడువు 70 నిమిషాలు. అంటే ప్రతి 100 మీటర్లకూ మీకు 3 నిమిషాల 40 సెకన్లు ఉంటాయి, ఇది పెద్ద వేగమేమీ కాదు. ఈతకు 55 నిమిషాలు, గంటకు 22.5 కిలోమీటర్ల చొప్పున సైకిల్‌కు నాలుగు గంటలు, పరుగుకు రెండున్నర గంటలు, మధ్యలో బట్టలు, బూట్లు మార్చుకోవడానికి పావుగంట వేసుకున్నా 7 గంటల 40 నిమిషాలకు ముగింపు గీత దాటతారు. 50 నిమిషాలు చేతిలో మిగులుతాయి. ఈ లెక్క కాగితం మీద రాసి పెట్టుకోండి, నిద్రపట్టని రాత్రుల్లో ధైర్యం ఇస్తుంది.

ఇక సమయం. వారానికి ఎనిమిది, తొమ్మిది గంటలు చాలు, కానీ అవి ఏ వారానికావారం పడాలి. బ్యాంకు ఉద్యోగిగా మీకున్న వరం రెండో, నాలుగో శనివారాల సెలవు. ఆ రెండు శనివారాలను దూరపు సైకిల్ సవారీకి ఇచ్చేయండి. తెల్లవారి నాలుగున్నరకు బయలుదేరితే తొమ్మిదికల్లా 80 కిలోమీటర్లు పూర్తవుతుంది, ఆదివారం మొత్తం ఇంటిది అవుతుంది. మిగిలిన రెండు వారాల్లో ఆదివారం ఉదయం రెండు గంటలు చాలు. పనిరోజుల్లో ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక సైకిల్‌ను ట్రైనర్‌కు, అంటే కదలకుండా ఉన్నచోటే తొక్కడానికి వాడే స్టాండుకు, బిగించి ఇంట్లోనే గంటసేపు తొక్కవచ్చు. ఎదురుగా పెద్ద ఫ్యాను మాత్రం తప్పనిసరి. పరుగు మీకు వచ్చిందే కాబట్టి దాన్ని పెంచవద్దు. సైకిల్ దిగిన వెంటనే పావుగంట పరుగెత్తే సాధనను నెలకు రెండుసార్లు చేయండి. మొదటిసారి మీ కాళ్లు మీవి కావేమో అనిపిస్తుంది, మూడోసారికి శరీరం గుర్తుపడుతుంది.

నేను మొదటి ఏడాది చేసిన తప్పు నిద్రలోంచి సమయం దొంగిలించడం. రాత్రి పదకొండున్నరకు పడుకుని నాలుగు గంటలకు లేచేవాణ్ని. పొద్దున లేవగానే 54 ఉండే నాడి 66కు చేరింది. సైట్ మీద నిలబడి కొలతలు చదువుతూ ఒకే అంకెను మూడుసార్లు తప్పు చెప్పాను. ఆ వారమే జ్వరం పట్టుకుని ఇరవై రోజులు లేవనివ్వలేదు. రెండో ఏడాది తొమ్మిదిన్నరకే దీపాలు ఆర్పేశాను. నిద్ర ఆరు గంటలకు తగ్గిన రోజు ఉదయం సాధన రద్దు. ఎంత కష్టమనిపించినా ఈ నియమాన్ని మార్చలేదు.

నదిలో సాధన చేయాలన్న ఆలోచన వస్తే దయచేసి మానుకోండి. పైకి అద్దంలా కనిపించే కృష్ణలో ఇసుక తవ్విన గుంతలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. సూర్యలంక, మంగినపూడి తీరాల్లో కూడా తోడు, పడవ లేకుండా లోపలికి వెళ్లవద్దు. వానాకాలంలో ఇక చెప్పనే అక్కర్లేదు, 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయిన సంగతి మీరు కళ్లారా చూసే ఉంటారు. పోటీకి మూడు, నాలుగు రోజుల ముందే గోవా చేరి కాపలా సిబ్బంది ఉన్నచోట సముద్రానికి అలవాటు పడండి. కొలనులో 50 నిమిషాల్లో ఈదే నేను, పోటీలో మొదటి 200 మీటర్లకే అలలు ముఖానికి కొట్టి, చుట్టూ కాళ్లూ చేతులూ తగిలి బెదిరిపోయాను. కాపలా కయాక్ పడవను పట్టుకుని నిమిషంసేపు ఊపిరి కూడదీసుకున్నాను. పడవ మనల్ని ముందుకు లాగనంతవరకు అలా పట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం కాదు. ఆ సంగతి ముందే తెలిసి ఉండటమే నన్ను కాపాడింది.


జవాబు: గృహిణి, మంగళగిరి

నేను పోటీల్లో పాల్గొన్నదాన్ని కాదు. మావారు రెండేళ్లు దీనికోసం సాధన చేశారు. ఇంటివైపు నుంచి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

అన్నయ్యగారూ, మీరు రుసుము కట్టకముందే మా వదినగారితో కూర్చుని మాట్లాడండి. "అనుకుంటున్నాను" అని కాకుండా, ఏ నెలలో ఏయే రోజులు మీరు ఇంట్లో ఉండరో క్యాలెండరు ముందు పెట్టుకుని చెప్పండి. మావారు అలా చెప్పలేదు. నాలుగింటికి మోగే అలారం ఆయనతోపాటు నన్నూ లేపేది. ఆయన తిరిగి వచ్చేసరికి టిఫిన్ సిద్ధంగా ఉండాలి, చెమటకు ఉప్పు తెల్లగా చారలు కట్టిన బట్టలు అప్పటికప్పుడు తడపాలి, పిల్లవాణ్ని బడి బస్సు ఎక్కించాలి. ఇవన్నీ నా పనుల్లో ఎప్పుడు చేరిపోయాయో నాకే తెలియదు. ఒక శనివారం బాబుకు 103 డిగ్రీల జ్వరం వచ్చి ఆయనకు ఏడుసార్లు ఫోన్ చేశాను. అది సైకిల్ వెనక సంచిలో ఉంది. ఆయన అమరావతి దారిలో ఉన్నారు. నేనొక్కదాన్నే ఆటోలో బాబును తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను. ఆ రోజు నేను ఏమీ అనలేదు గానీ, వారం రోజులు మా మధ్య మాటలు సరిగా లేవు.

తరువాత ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారం రాత్రి వచ్చే వారం సాధన వేళలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించడం, ఆయన బట్టలు ఆయనే తడపడం, ముందురోజు రాత్రే అటుకులో అరటిపండ్లో సిద్ధం చేసుకోవడం, దూరం వెళ్లినప్పుడు ఫోన్ చేతికి అందేలా పెట్టుకుని గంటకోసారి చూడటం. బుధ, శుక్రవారాల ఉదయం గంటన్నర నాది అని కూడా రాసుకున్నాం. ఆ సమయంలో బాబును తయారు చేయడం పూర్తిగా ఆయన పని. నేను నడక మొదలుపెట్టాను. మూడు నెలలకు నా మోకాళ్ల నొప్పి తగ్గింది. గోవాలో ముగింపు గీత దగ్గర ఆయన కోసం ఎదురుచూస్తున్నప్పుడు నాలో ఏ మూలా కోపం లేదు. వదినగారు కూడా ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి మీ ఇంట్లో ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా వేసుకోవాలి.


జవాబు: ఫిజియోథెరపిస్టు, గుంటూరు

పైన రాసిన ఇంజనీరు గారి సలహాలలో చాలావాటితో ఏకీభవిస్తున్నాను. ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. 50 మీటర్లకు ఆగిపోతున్న వ్యక్తి ఎనిమిది నెలల్లో సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈదడం సాధ్యమే, కానీ ఆ గడువు ఒత్తిడిలో గాయాలు కావడం నేను తరచుగా చూస్తున్నాను. ఈత వెనకబడిందన్న ఆందోళనతో ఒక్కసారిగా దూరం పెంచి భుజం నొప్పితో వచ్చేవారు, కొలతలు సరిచేయని సైకిల్ సీటు మీద గంటల తరబడి కూర్చుని మోకాలు పాడుచేసుకుని వచ్చేవారు నాకు తెలుసు. వీలైతే ముందు 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు ఉండే ఒలింపిక్ దూరం ఒకటి పూర్తి చేసి, గోవాను వచ్చే ఏడాదికి పెట్టుకోండి. ఏది ఎంచుకున్నా, నలభైకి దగ్గరపడ్డారు కాబట్టి గుండె పరీక్షలు చేయించుకున్నాకే మొదలుపెట్టండి.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో బెజవాడలో ఉదయం ఏడింటికే ఉక్క మొదలవుతుంది. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గంట సాధనకు ముందూ తరువాతా, తడి బట్టలు విప్పి, బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్లు, మధ్యలో తాగిన నీళ్లను దానికి కలపాలి. మీకు గంటకు ఎంత పోతుందో అలా తెలుస్తుంది. పోయినదానికంటే ఎక్కువ ఉత్త నీళ్లు గంటల తరబడి తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఓఆర్ఎస్ ఉప్పు లోటు తీరుస్తుంది గానీ, లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే ఉంటుంది కాబట్టి సైకిల్ మీద నాలుగు గంటలకు ఆ శక్తి చాలదు. అరటిపండు, ఖర్జూరం, బెల్లం ఉండలు, మీ కడుపుకు ఏది పడుతుందో సాధనలోనే తేల్చుకోండి. పోటీ రోజున కొత్తది ఏదీ నోట్లో పెట్టవద్దు.


ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ముగ్గురికీ నా కృతజ్ఞతలు. మంగళగిరి నుంచి రాసిన చెల్లెమ్మ మాటలు నిన్న రాత్రి నా భార్యకు చదివి వినిపించాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "ఆ ఫోన్ సంగతి ముందు తేల్చండి" అన్నారు. క్యాలెండరు దించి కూర్చున్నాం. పెద్దమ్మాయి పరీక్షలు ముగిసేవరకు శనివారం దూరపు సవారీలు వద్దని, ఏప్రిల్ రెండో శనివారం నుంచి మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాం. ఆమె అడిగింది మంగళ, గురువారాల సాయంత్రాలు. ఆ రెండు రోజులూ వార్షిక ముగింపు తరువాత ఏడింటికల్లా ఇంటికి చేరి వంట నేను చేస్తానని మాట ఇచ్చాను.

పోటీ విషయంలో ఫిజియోథెరపిస్టు గారి సలహాను, ఇంజనీరు గారి సలహాను కలిపి ఒక దారి ఎంచుకున్నాను. ఇప్పుడే రుసుము కట్టను. జూన్ చివరికి కొలనులో ఆగకుండా కిలోమీటరు ఈదగలిగితే, అప్పటికి ప్రవేశాలు ఇంకా తెరిచి ఉంటే, గోవాకు పేరు ఇస్తాను. లేకపోతే వచ్చే ఏడాదే. ఈ రోజు ఉదయం ఐదున్నర బ్యాచ్‌లో చేరాను. నలభై నిమిషాలూ గట్టు పక్కన నిలబడి బుడగలే వదిలాను. చివర్లో కోచ్ గారు ఒక్కసారి ఈదమంటే, అవతలి గోడకు చేరాక మొదటిసారి నాకు ఆయాసం రాలేదు.