‘గట్టి’కి ఇంగ్లీషులో ఎన్ని మాటలు? రోజువారీ వర్ణన పదాలపై చర్చ

కొత్తపాఠం:
ఇంగ్లీషులో వర్ణన పదాలు పెంచుకోవాలని చాలామంది జాబితాలు బట్టీ పడతారు. తీరా రాయబోతే మళ్ళీ గుడ్, నైస్, హార్డ్, సాఫ్ట్ దగ్గరే ఆగిపోతారు. గట్టి పెరుగు, గట్టి పరుపు, గట్టి గొంతు, అన్నిటికీ హార్డ్ అనే రాసేస్తుంటారు. ఇంట్లో, వీధిలో కనిపించేవాటికి సరైన మాట పడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలండీ?

పదపేటిక:
మీరు రాసిన ‘గట్టి’ దగ్గరే మొదలుపెట్టండి. ఇంగ్లీషు జాబితా నుంచి కాకుండా, మనం రోజుకు పదిసార్లు వాడే తెలుగు మాట నుంచి బయల్దేరితేనే పదాలు నిలుస్తాయి. తెలుగులో ‘గట్టి’ దేని పక్కనైనా ఇమిడిపోతుంది. ఇంగ్లీషులో ఆ పనిని పది మాటలు పంచుకుంటాయి. ఏ మాట పడుతుందో పక్కనున్న నామవాచకమే తేలుస్తుంది.

పెరుగు గట్టిగా తోడుకుంటే థిక్. చపాతీ పిండి గట్టిగా ఉంటే స్టిఫ్. మాంసం సరిగా ఉడక్క గట్టిగా ఉంటే టఫ్. తాడు స్ట్రాంగ్, దానికి వేసిన ముడి టైట్, సీసా మూతా టైటే. ఊగకుండా నిలిచే కుర్చీ స్టర్డీ. గొంతు లౌడ్. పరుపు విషయంలో జాగ్రత్త: ఫర్మ్ అంటే మెచ్చుకోలు, హార్డ్ అంటే ఫిర్యాదు. హార్డ్‌కు చివరికి మిగిలేవి రాయి, నేల, ఎండిన రొట్టె లాంటివి.

వాన దగ్గర ఇంకో మెలిక ఉంది. గట్టి వానను హెవీ రెయిన్ అంటారు. అదే క్రియతో చెబితే ‘ఇట్స్ రెయినింగ్ హార్డ్’ అన్నది చక్కని ఇంగ్లీషు. ఒకే భావానికి నామవాచకం పక్కన ఒక మాట, క్రియ పక్కన వేరే మాట. అందుకే విడి పదాన్ని అర్థంతో సహా బట్టీపట్టినా వాక్యంలో అక్కరకు రాదు.

వంటిల్లు:
‘మెత్తన’కూ ఇదే పద్ధతి. ఇడ్లీ సాఫ్ట్ అంటే తప్పు కాదు గానీ, లోపల గాలి చేరి తేలిగ్గా పొంగిందని చెప్పాలంటే ఫ్లఫీ. బాగా ఉడికిన మాంసం టెండర్. నీళ్ళు ఎక్కువై ముద్దయిన అన్నం మషీ. మెత్తగా ఆడించిన పిండి ఫైన్, మెత్తగా రుబ్బిన పచ్చడి స్మూత్. పాకెట్ విప్పి వదిలేసిన చిప్స్ గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడితే స్టేల్. తెలుగులో అన్నీ మెత్తనే. ఇంగ్లీషులో మాత్రం ఫ్లఫీ, టెండర్ పొగడ్తలు. మషీ, స్టేల్ వంక పెట్టడం.

‘కరకర’నూ విడదీయాలి. పల్చగా, పొడిగా ఉండి మొదటి కొరుకుకే టక్కున విరిగేది క్రిస్ప్, లేదా క్రిస్పీ: పేపర్ దోసె, అప్పడం. కాస్త మందంగా ఉండి నమిలినంతసేపూ చప్పుడు చేసేది క్రంచీ: జంతికలు, చెక్కలు, పచ్చి క్యారెట్. నోట్లో పెట్టగానే పొడిగా రాలిపోయే సున్నుండ క్రంబ్లీ. పొరలు పొరలుగా ఊడేది ఫ్లేకీ, మడత కాజా పైభాగం అలాంటిది. దవడకు పని చెప్పే జీళ్ళు చ్యూయీ. పల్లీపట్టీ, గాజు పెంకు బ్రిటిల్, అంటే వంగకుండా విరిగేవి. పార్సిల్ కట్టిన దోసె ఆవిరి లోపలే చిక్కుకుని మెత్తబడితే సాగీ. తడి పీల్చుకుని బిగువు పోయిందని అర్థం.

కొత్తపాఠం:
తడి అనగానే వెట్, డ్యాంప్, మాయిస్ట్ మూడూ వస్తాయి. ఒకదాని బదులు ఒకటి వాడొచ్చా?

వంటిల్లు:
వాడకూడదండి. వెట్ అంటే నీళ్ళు కంటికి కనబడేంత తడి. డ్యాంప్ అంటే అక్కర్లేని కొద్దిపాటి తడి: ఆరీ ఆరని బట్టలు, వానాకాలంలో చెమ్మ పట్టిన గోడ. మాయిస్ట్ అంటే ఉండాల్సిన తడి: కేకు, మొక్క నాటిన మట్టి. కేకును డ్యాంప్ అంటే వండినవాళ్ళు బాధపడతారు. గాలిలో తేమకు హ్యూమిడ్. విశాఖ వేసవి ఉక్కపోతకు అదే సరి, ఒళ్ళు జిడ్డుగా అనిపిస్తే స్టికీ కూడా. రెంటచింతల ఎండకు మాత్రం స్కార్చింగ్.

రుచుల మాటా చెప్పాలి. విరిగిన పాలకు సవర్. ఉసిరికాయలాంటి పదునైన పులుపుకు టార్ట్. చింతపండు పులిహోరలా ఇష్టంగా తినే పులుపుకు టాంగీ. కారానికి స్పైసీ పరవాలేదు. హాట్ అంటే వేడిగా ఉందేమో అనుకునే ప్రమాదం ఉంది. స్పైస్డ్ అనేది వేరే మాట, మసాలా దినుసులు వేశారని మాత్రమే చెబుతుంది. మసాలా టీ స్పైస్డ్ టీ అవుతుంది, స్పైసీ టీ అంటే మిరపకాయ వేశారా అని అడుగుతారు. ఆవపిండి ఘాటుకు పంజెంట్. వగరుకు ఆస్ట్రింజెంట్ ఉంది గానీ అది పుస్తకాల మాట. మామూలు సంభాషణలో నోరు పిడచకట్టుకుపోయేలా చేస్తుందని విడమరిచి చెబుతారు.

అనువాదకుడు:
విశేషణాలతోనే ఆగిపోకండి. వర్ణన అంతా విశేషణంలోనే ఉంటుందనుకోవడం వల్లే చాలామంది ఇంగ్లీషు చప్పగా ఉంటుంది. మన భాషలో వర్ణన ‘గా’ చేర్చిన మాటలో, జంట ధ్వనుల్లో ఉండి, క్రియ సాదాగా ఉంటుంది. ఇంగ్లీషు చాలాచోట్ల ఆ వర్ణనను క్రియలోనే పెట్టేస్తుంది.

‘చూశాడు’ను తీసుకోండి. కన్నార్పకుండా చూస్తే స్టేర్, కోపంగా చూస్తే గ్లేర్, ఒక్కసారి అలా చూసి వదిలేస్తే గ్లాన్స్, చాటు నుంచి తొంగి చూస్తే పీప్, సరిగా కనబడక కష్టపడి చూస్తే పీర్, మురిపెంగా చాలాసేపు చూస్తే గేజ్. నడకలో కుంటితే లింప్, అలసటతో కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే ట్రడ్జ్, తీరిగ్గా నడిస్తే స్ట్రోల్. పోపులో ఆవాలు చిటపటలాడితే స్ప్లటర్, పప్పు సన్నటి సెగ మీద ఉడికితే సిమర్. ఈ క్రియలు పట్టుకున్నాక పాత అలవాటు కొద్దీ ‘గ్లేర్డ్ యాంగ్రిలీ’ అని రాయకండి. కోపం గ్లేర్‌లోనే ఉంది.

వెరీ విషయమూ అంతే. ఫ్రీజింగ్, హ్యూజ్, ఎగ్జాస్టెడ్ లాంటివి అప్పటికే చివరి మెట్టు మీదున్న మాటలు, వాటి ముందు వెరీ అతకదు. అబ్సొల్యూట్లీ అతుకుతుంది.

పదపేటిక:
నోటుబుక్కు పద్ధతి చెబుతాను. ఎడమవైపు తెలుగు పదబంధం రాయండి, విడిపదం కాదు: ‘ఆరీ ఆరని చొక్కా’. కుడివైపు ఇంగ్లీషు పదాన్ని నామవాచకంతో కలిపి: డ్యాంప్ షర్ట్. కింద అదే పదంతో కుదిరే ఇంకో రెండు నామవాచకాలు, కుదరనిది ఒకటి. ఆ కుదరనిదే ముఖ్యం, పదం హద్దు తెలిసేది అక్కడే. వారానికి ఐదారు పదాలకు మించొద్దు. మర్నాడు, మూడోనాడు, వారం తర్వాత కుడివైపు మూసి తెలుగు చూసి చెప్పండి. ఇంగ్లీషు చూసి తెలుగు చెప్పడం తేలికే, కానీ మాట్లాడేటప్పుడు కావాల్సింది ఆ దిశ కాదు.

నిఘంటువు కూడా చూసి ఎంచుకోండి. 1852లో పీటర్ రోజె అనే బ్రిటిష్ వైద్యుడు ప్రచురించిన థెసారస్ తరహా పర్యాయపద కోశాల్లో మాటలన్నీ ఒకచోట గుంపుగా ఉంటాయి, తేడాలు ఉండవు. తెలిసీ నోటికి రాని మాటను గుర్తుచేసుకోవడానికి అది మంచిది, కొత్త మాట నేర్చుకోవడానికి కాదు. నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన నిఘంటువుల్లో అర్థం కన్నా ముందు ఉదాహరణ వాక్యాలు చదవండి. ఏ నామవాచకంతో వస్తోంది, మెచ్చుకోలా, వంకా అన్నది అక్కడే దొరుకుతుంది.

కొత్తపాఠం:
ఇక్కడే ప్రయత్నిస్తాను, సరిచూడండి. దోసె క్రిస్పీ, చట్నీ స్మూత్, సాంబారు లైట్, టీ థిక్.

వంటిల్లు:
మొదటి రెండూ సరి. సాంబారు పల్చగా ఉందనడానికి థిన్, నీళ్ళనీళ్ళగా ఉంటే వాటరీ. లైట్ అంటే తిన్నాక కడుపు బరువెక్కదని వస్తుంది. టీకి థిక్ అనరు. చిక్కటి టీ అని మనం రెండింటిని అంటాం. డికాషన్ ఎక్కువైతే స్ట్రాంగ్, పాలు ఎక్కువైతే మిల్కీ. డికాషన్ తక్కువైతే వీక్. మీరు తాగింది ఏదో చెబితే మాట తేల్చేయొచ్చు.