బసవనగుడి ఎద్దు మేసింది వేరుశనగేనా?

కొత్తగా_బెంగళూరు: కార్తీకం చివరి సోమవారం బసవనగుడి నంది గుడి దగ్గర జరిగే కడలెకాయి పరిషెకు (వేరుశనగ జాతరకు) వెళ్లాం. వేరుశనగ చేలు మేస్తున్న ఎద్దును రైతు దుడ్డుకర్రతో కొడితే రాయైపోయిందట. ఆ రాయి పెరుగుతూ పోతే నెత్తిన మేకు కొట్టి ఆపారట, తర్వాత బెంగళూరు కట్టిన కెంపేగౌడే ఆ గుడి కట్టించాడట. బజ్జీల దగ్గర ఒకాయన చెప్పాడు. ఇందులో నిజమెంత?

లెక్కల_సార్: కాలం కుదరదు. కెంపేగౌడ ఊరు కట్టింది 1537లో. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా, పోర్చుగీసువాళ్లతో మన తీరానికి వచ్చిందే 16వ శతాబ్దంలో. ఓడ దిగీదిగగానే ఇక్కడ చేలకు చేలు పండిందా? 15 అడుగుల బండలో ఎద్దును చెక్కారు. పరిషె మొదలయ్యాక కథ అల్లుకున్నారని నా అనుమానం.

శెనక్కాయ_సీమ: మా కదిరి పక్క తాతల కాలం నుంచి శెనక్కాయే. దాన్ని పరాయి పంట అంటారా సార్?

లెక్కల_సార్: మీ తాతలు 1537లో ఉన్నారా?

గాంధీబజార్_అక్క: కన్నడంలో కడలె అంటే శనగ. కొత్త పంట వస్తే వాళ్లు 'కాయి' తగిలించారు, మనం 'వేరు' తగిలించాం. మొదట కథలో శనగ చేనే ఉందేమో!

లెక్కల_సార్: 'ఏమో'లు చరిత్ర కావు. శాసనం చూపించండి.

టైంపాస్: ఉడకబెట్టినవి శేరు ఎంతకిచ్చారు?

శెనక్కాయ_సీమ: శాసనం నా దగ్గర లేదు, చేను ఉంది. నిరుడు అడవిపందులు పడ్డాయి. తెల్లారి పోయి చూస్తే చెట్లన్నీ పీకి పడేసి, కాయలు సగం నమిలి ఊసి ఉన్నాయి. మా నాయన ఆ సగం కాయలనే మట్టి దులిపి తువ్వాల్లో ఏరుకుంటున్నాడు. నష్టం రాసుకోను ఒక్కడు రాలేదు. మీకు మాత్రం అది ఏ ఓడెక్కి వచ్చిందో కావాల!

లెక్కల_సార్: బాధే. కానీ తేదీకీ దానికీ ఏం సంబంధం? అయినా కంచె వేసుకోవాల్సింది.

శెనక్కాయ_సీమ: కంచె! ఒక్క రాతికూసం ధర కనుక్కొని మాట్లాడు. తేదీ నీ దగ్గరే పెట్టుకో. ఎద్దుకు నూనె రాసి దండం పెడతారు, కొట్టినోడు పాపి. చేను పోయిందే, దాని మాటేంది?

గాంధీబజార్_అక్క: ఆ రైతే తప్పు తెలుసుకొని తొలి పంట తెచ్చి బసవన్నకు పెట్టాడంటారు కదా తమ్ముడూ. ఇప్పటికీ అలాగే పెడుతున్నారు.

శెనక్కాయ_సీమ: నా మంట అదేనక్కా. తిన్నదీ అదే, తొలి పంట పెట్టాల్సిందీ దానికేనా?

లెక్కల_సార్: నంది దేవుడయ్యా, అడవిపంది కాదు.

శెనక్కాయ_సీమ: చీకట్లో చేన్లో పడినప్పుడు ఏదో ఒకటి మేస్తా ఉందని తెలుస్తుంది సార్, దేవుడో పందో తెలీదు. నేనైనా కొడతా.

కొత్తగా_బెంగళూరు: ఇంతకీ ఆ మేకు ఎవరైనా చూశారా? పూలదండల కింద నాకేమీ కనబడలేదు.