రిక్రూటింగ్ ర్యాంకులు చూసి జట్టు గెలుస్తుందని చెప్పొచ్చా?

ప్రశ్న: అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఒక్కో కాలేజీ ఏటా చేర్చుకునే హైస్కూల్ ఆటగాళ్ల బృందానికి (దాన్నే క్లాస్ అంటారు) ఇచ్చే ఈ రిక్రూటింగ్ ర్యాంకులు నిజంగా పనికొస్తాయా? 2022లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ నంబర్ వన్ క్లాస్ తెచ్చుకుని కూడా ఆ సీజన్‌ని 5 గెలుపులు, 7 ఓటములతో ముగించింది, అది చూశాక నాకు నమ్మకం పోయింది.

జవాబు 1: ఒక్క క్లాస్ చూసి తేల్చేయకండి. వాళ్లంతా అప్పటికి ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాది వాళ్లు), లైన్‌లో, అంటే ముందు వరుసలో ఆడేవాళ్లకైతే ఒళ్లు గట్టిపడటానికే టైమ్ పడుతుంది. మూడు నాలుగేళ్ల క్లాసులు కలిపి చూడండి. కోచ్‌గా నిక్ సేబన్ ఉన్నప్పటి అలబామా, కోచ్‌గా కర్బీ స్మార్ట్ వచ్చాక జార్జియా దాదాపు ఏటా పైనే ఉన్నాయి, టైటిళ్లూ గెలిచాయి.

జవాబు 2: మరి అదే సీజన్‌లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) అంత పెద్ద ర్యాంకులు లేకుండానే ఫైనల్ దాకా వెళ్లింది కదా!

జవాబు 1: వెళ్లింది, అక్కడ జార్జియా చేతిలో 65-7తో చిత్తయింది.

జవాబు 3: ట్రాన్స్‌ఫర్లనీ (ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీ జట్టుకి మారేవాళ్లని) లెక్కలోకి తీసుకోవాలి. జో బరో అనే ఆటగాడు ఒహాయో స్టేట్ వదిలి ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి) వచ్చి 2019 సీజన్ టైటిల్ గెలిపించాడు, హైస్కూల్ ర్యాంకులే చూస్తే ఇలాంటివి అస్సలు కనపడవు.